రెండు పాత డెక్ బోట్లలో ఒకటి ఎంచుకున్న వైనం: నా అనుభవం

మేము డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటాం కాబట్టి వేసవి వస్తే మాకు లూయిస్‌విల్ సరస్సే దిక్కు. నాలుగు గంటలకు పాంటూన్ బోటు (తేలే గొట్టాల మీద చదునైన వేదిక ఉండేది) అద్దెకు తీసుకుంటే పెట్రోలుతో కలిపి 450 డాలర్లకు తగ్గేది కాదు. పిల్లలు నీళ్లలోంచి బయటికొచ్చి తిండి దగ్గర కూర్చునేసరికి బోటు తిరిగి అప్పగించే వేళ అయ్యేది. 2024 మార్చి మొదట్లో మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారని ఖాయమయ్యాక, వాడిన బోటు ఒకటి సొంతంగా కొనేద్దామని నేనూ మా ఆవిడా ఫిబ్రవరి రెండో వారంలో నిశ్చయించుకున్నాం. బోటు, ట్రెయిలర్, పన్నులు, సామాను అన్నీ కలిపి 22,000 డాలర్లు దాటకూడదన్నది ఆమె షరతు. ముక్కు సన్నగా ఉండే మామూలు స్పీడ్ బోటులో పెద్దవాళ్లు ముందువైపు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. డెక్ బోటులో ముందు భాగం కూడా గదిలా వెడల్పుగా ఉంటుంది, పిల్లల్ని ట్యూబు మీద లాగడానికి వేగమూ సరిపోతుంది. అందుకని మొదటి నుంచీ వాటినే వెతికాను.

మూడు వారాలు ప్రకటనలు వడపోస్తే రెండు మిగిలాయి. మొదటిది రాక్‌వాల్‌లో ఉన్న 22 అడుగుల బోటు. దాని ఇంజను బోటు లోపల వెనుక భాగంలో ఉండి, దాన్ని నడిపే కాలు మాత్రం బయటికి దిగే స్టెర్న్‌డ్రైవ్ రకం. అడిగిన ధర 21,500 డాలర్లు. ఆ బోటు తయారీదారు పేరు రాయడం లేదు, ఎందుకంటే తర్వాత బయటపడిన లోపంలో వాళ్ల తప్పేమీ లేదు. రెండోది టెక్సోమా లేక్ ఒడ్డున డెనిసన్‌లో ఉన్న 2010 నాటి హరికేన్ బ్రాండు డెక్ బోటు. పొడవు 20 అడుగులకు కాస్త తక్కువ, వెనుక బయట వేలాడే 150 హార్స్‌పవర్ యమహా అవుట్‌బోర్డ్ ఇంజను, ధర 20,900. కాగితం మీద చూస్తే చిన్నదీ పాతదీ అయిన బోటుకు దాదాపు అంతే ధర అడుగుతున్నారు కాబట్టి, మొదటి బోటుకే మా ఇంట్లో ఓట్లన్నీ పడ్డాయి.

మార్చి 9, శనివారం, అందరం కలిసి రాక్‌వాల్ వెళ్లాం. బోటు నిజంగానే మెరిసిపోతోంది. ఇంజను పైన మంచమంత పరుపు ఉంది. మా ఏడేళ్ల చిన్నది దాని మీద వెల్లకిలా పడుకుని ఇక దిగనని మొండికేసింది. యజమాని మర్యాదస్తుడు, అడిగినవాటికి విసుక్కోకుండా సమాధానాలు చెప్పాడు. రెండు సంగతులు మాత్రం నాకు గుచ్చుకున్నాయి. మేము వెళ్లేసరికే ఆయన ఇంజను ఒకసారి ఆడించి ఉంచాడు. మూత ఎత్తి చేయి పెడితే వెచ్చగా తగిలింది. చల్లారిన ఇంజను ఎలా స్టార్టవుతుందో చూడాలంటే ఆ రోజుకు కుదరదు. ఇక రెండోది, బోటు వెనుక కుడివైపు పైన చెక్కి ఉన్న పన్నెండు అక్షరాల హల్ నంబరు. దాని చివరి నాలుగు స్థానాలు తయారైన నెలనూ సంవత్సరాన్నీ మోడల్ సంవత్సరాన్నీ చెబుతాయి. ఇక్కడ ‘జీ213’ అని ఉంది, అంటే 2012 జూలైలో తయారై 2013 మోడల్‌గా అమ్మిన బోటు. ప్రకటనలో 2014 అని రాశారు. అడిగితే, తాను 2022లో వేలంలో కొన్నప్పుడు అక్కడ అలాగే రాసి ఉందని ఆయన చెప్పాడు. ఒక ఏడాది తేడాకే బోటు పాడైపోదు. కానీ బీమావాళ్లూ, రేపు మన దగ్గర కొనేవాళ్లూ చూసేది ఆ నంబరునే కాబట్టి రాసి పెట్టుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో నాన్నగారు ఒక్కటే ప్రశ్న వేశారు: “ఎంతమంది ఎక్కవచ్చో రాసిన పలక ఎక్కడా సరిగా కనపడలేదేరా?” ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. గోదావరి మీద పంటులూ లాంచీలూ ఆయనకు కొత్త కాదు. కానీ 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగిన నాటి నుంచి మా ఇంట్లో బోటు అన్న మాట వినబడితే అమ్మ ముఖం మారిపోతుంది. అందుకే ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. వాకబు చేస్తే తెలిసిందేమిటంటే, అమెరికా చట్టం ప్రకారం ఆ పలక 20 అడుగుల లోపు బోట్లకే తప్పనిసరి. 22 అడుగుల బోటుకు తయారీదారు తనంతట తాను అతికించింది ఉన్నా, దాని మీది అంకెలు ఎండకు వెలిసిపోయాయి.

తర్వాతి శనివారం, మార్చి 16న, డెనిసన్ వెళ్లాం. ఈ బోటు చూడగానే పిల్లల ముఖాలు వాడిపోయాయి. నీలం రంగు సగానికి సగం వెలిసిపోయింది. పక్క మీద వేలితో రాస్తే సుద్ద రాసినట్టు తెల్లటి పొడి వేలికంటింది. సీట్ల కుట్లు రెండు చోట్ల విడిపోయి, లోపలి స్పాంజి కనబడుతోంది. యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. నేను ముందే ఫోనులో కోరినట్టు ఇంజను ముట్టుకోకుండా ఉంచాడు. గొట్టం తగిలించి, నీళ్లు వదిలి తాళం తిప్పగానే మొదటిసారే అందుకుంది. ఆ తర్వాత ఇంజను పైనున్న టోపీలాంటి మూతను తీసి తిరగేసి నా ముందు పెట్టాడు. లోపలి తెల్లటి ప్లాస్టిక్ మీద నల్ల మార్కరుతో వరసగా రాసి ఉంది: ఆయిలు మార్చిన తేదీ, అప్పటికి ఇంజను తిరిగిన గంటలు, నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ మార్చిన తేదీ, గేరు ఆయిలు, స్పార్క్ ప్లగ్గులు. చివరి వరస 2023 అక్టోబరుది. పై వరసల సిరా లేత గోధుమ రంగుకు తిరిగింది. అమ్మకానికి ముందు కూర్చుని ఒకేసారి రాసిన లెక్కల్లో అలా కుదరదు.

ఈ బోటుకు పలక ఉంది, అంకెలూ చదవడానికి వచ్చాయి: 10 మంది లేదా 1,450 పౌండ్లు. నాన్నగారు అక్కడే నిలబడి లెక్క కట్టారు. మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మ, ఆయన, డాలస్‌లోనే ఎంఎస్ చదువుతున్న మా బావమరిది, అందరం కలిపి 950 పౌండ్ల చుట్టుపక్కల. పదిమంది అని ఉంది కదా అని పదిమంది పెద్దవాళ్లను ఎక్కిస్తే తలల లెక్క సరిపోయినా బరువు దాటిపోతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పరు. స్టీరింగుకు ఎదురుగా చిన్న తలుపు తెరిస్తే లోపల ఒక మనిషి కూర్చునేంత చోటు, అందులో చేత్తో పట్టుకెళ్లగలిగే టాయిలెట్టు ఉన్నాయి. మొదటి బోటులో దాని స్థానంలో బట్టలు మార్చుకోవడానికి ఒక తెర మాత్రమే ఉంది. ముందువైపు నుంచి ఎక్కడానికి మెట్లూ, మడిచిపెట్టుకునే నిచ్చెనా ఉన్నాయి. అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని ట్రెయిలర్ మీదున్న బోటు ఎక్కలేనంది, కింద నిలబడే ఆ టాయిలెట్టు తలుపు చూసింది. “నీళ్ల మీద నాలుగు గంటలుండాలంటే నాకు ఇది కావాలి నాయనా, ఆ పరుపెందుకు?” అంది. మా ఆవిడ ఏమీ అనలేదు కానీ, ఆ మాట విన్నాక మొదటి బోటు గురించి మాట్లాడడం తగ్గించింది.

మార్చి 23న మొదటి బోటును మెకానిక్‌కు చూపించే ఏర్పాటు చేసుకున్నాను; ఫీజు 275 డాలర్లు, ముందే చెల్లించాలి. దారిలో హైవే పక్కన లారీలు తూచే కాటా మీద యజమాని పికప్‌ను బోటుతో ఒకసారి, బోటు లేకుండా ఒకసారి తూయించాం. ఖర్చు 20 డాలర్లయింది. తేడా 5,240 పౌండ్లు. మా హైలాండర్ కారు లాగగలిగే గరిష్ఠ బరువు 5,000 పౌండ్లు. ప్రకటనలో రాసిన బరువు బోటుది మాత్రమే. ట్రెయిలర్, పెట్రోలు, బ్యాటరీలు, లంగరు, లోపల పోగైన సామాను అందులో లేవు. పెట్రోలు గాలనుకు ఆరు పౌండ్ల పైనే ఉంటుంది కాబట్టి, 50 గాలన్ల ట్యాంకు నిండితేనే 300 పౌండ్లు పెరుగుతాయి. ఈ బోటు కొంటే బండి కూడా మార్చాలని నాకు అక్కడే, కాటా చీటీ చేతిలో పట్టుకునే, అర్థమైంది.

అసలు విషయం మెకానిక్ దగ్గర తేలింది. ఆయన ఇంజను గది మూత ఎత్తి, దంతవైద్యులు వాడే అద్దంలాంటిదాన్ని పొడవాటి కడ్డీ చివర పెట్టుకుని, టార్చి వేసి ఇంజను పక్కలు వెతకడం మొదలుపెట్టాడు. ఎడమ పక్క కింద, మామూలుగా కంటికి ఆనని చోట, జానెడు మేర నల్ల రంగు మిగతా దానికంటే కొత్తగా ఉంది. గోటితో గీరితే రంగు కింద బూడిద రంగు ఎపాక్సీ జిగురు ముద్ద బయటపడింది. దాని అంచు వెంబడి సన్నని తుప్పు చార. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ మొత్తం గడ్డకట్టినప్పుడు, రోజుల తరబడి కరెంటు లేక, ఇక్కడి బోట్లు చాలా ఇలాగే పాడయ్యాయని ఆయన చెప్పాడు. స్టెర్న్‌డ్రైవ్ ఇంజను లోపల సరస్సు నీరే తిరుగుతుంది. చలికాలం ముందు ప్లగ్గులు విప్పి ఆ నీటిని వంచెయ్యకపోతే, అది గడ్డకట్టి ఉబ్బి ఇనుప దిమ్మెను చీలుస్తుంది. అవుట్‌బోర్డ్ ఇంజనును నిటారుగా దించి పెడితే నీరు దానంతట అదే కారిపోతుంది. మంచు అరుదుగా పడే మన ప్రాంతంలో ఈ జాగ్రత్త జనం మరిచిపోవడమే సహజం.

యజమాని ముఖం తెల్లబోయింది. ఆయనకు నిజంగానే తెలియదని నేను నమ్ముతున్నాను. వేలంలో కొన్నవాడికి ఆ అద్దం చూపించేవాళ్లెవరు? ఆ రాత్రే ఆయన ఫోను చేసి 14,000 డాలర్లకు ఇచ్చేస్తానన్నాడు. ఇక్కడే మేము నిజంగా ఇరకాటంలో పడ్డాం. బాగుచేసిన ఇంజనును బిగించి ఇవ్వడానికి రెండు చోట్ల ధర కనుక్కుంటే ఒకరు 8,200, ఇంకొకరు 9,500 చెప్పారు. సీజను మొదలవుతోంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందన్నారు. 14,000కు 8,200 కలిపితే 22,200 అవుతుంది. వారంటీ ఉన్న ఇంజనుతో పెద్ద బోటు వస్తుంది. మా బావమరిది ఈ లెక్కను రెండు రోజులు వదల్లేదు. “బావా, ఇంజను కొత్తదైతే మిగతాదంతా లాభమే కదా” అంటాడు. అతని వాదనలో బలం లేకపోలేదు. కానీ దాన్ని లాగే బండి ఖర్చు ఆ లెక్కలో లేదు, టాయిలెట్టు లేదు, పైగా అమ్మానాన్నలు ఉండే ఆరు నెలల్లో రెండు నెలలు వర్క్‌షాపులోనే గడిచిపోతాయి. మొదటి బోటు యజమానికి మార్చి 27న ఫోను చేసి వద్దని చెప్పాను. పిల్లలు రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

డెనిసన్ బోటును నీళ్ల మీద నడిపి చూడడానికి మార్చి 30న వెళ్తే, గాలికి టెక్సోమా మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇక్కడి గాలి సంగతి తెలిసి కూడా మధ్యాహ్నం పెట్టుకోవడం వల్ల తిరిగి రావలసి వచ్చింది. పొద్దున్న ఎనిమిదికే రమ్మని పెద్దాయనే సలహా ఇచ్చాడు. ఏప్రిల్ 6 ఉదయం నీళ్లు అద్దంలా ఉన్నాయి. నేను, నాన్నగారు, బావమరిది, పెద్దాయన, మా వెంట మెకానిక్ (240 డాలర్లు). నలభై నిమిషాలు నడిపాం. పూర్తి వేగంలో ఇంజను 5,500 ఆర్‌పీఎమ్ అందుకుంది. వేడెక్కాక ఆపి మళ్లీ తిప్పితే వెంటనే పట్టుకుంది. మెకానిక్ తన ల్యాప్‌టాప్ తగిలించి ఇంజను చరిత్రను బయటికి తీశాడు. మొత్తం 412 గంటలు, ఏ వేగంలో ఎన్ని గంటలు తిరిగిందో కూడా విడివిడిగా అందులో ఉంది. ఎక్కువ కాలం నెమ్మదిగా, చేపల వేటకే వాడినట్టు తేలింది. మూత కింది మార్కరు లెక్కలూ దీనితో సరిపోయాయి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) దాదాపు సమానంగా వచ్చింది. స్టీరింగు మాత్రం ఎడమకు తిప్పేటప్పుడు రోలు తిప్పినట్టు బరువుగా ఉంది, కేబుల్ మార్చాలన్నాడు. టెక్సోమాలో జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పల బెడద 2009 నుంచీ ఉంది కాబట్టి, ఇంజను నీళ్లు పీల్చుకునే రంధ్రాల్లో వాటి పెంకులేమైనా ఉన్నాయేమోనని ప్రత్యేకంగా చూడమన్నాను. లేవు, బోటును ఎప్పుడూ నీళ్లలో వదిలిపెట్టలేదు.

అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేద్దామని నాకు ఉంది. కానీ ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం, అదీ సరిగ్గా డాలస్ మీదుగా. 9న క్రోధి నామ సంవత్సర ఉగాది. గ్రహణానికి ముందు కొత్త వస్తువుకు డబ్బు కట్టేది లేదని అమ్మ పట్టుబట్టింది. నాకు ఆ పట్టింపు లేకపోయినా, నాలుగు రోజులతో పోయేదేమీ లేదని సరేనన్నాను. ఏప్రిల్ 10న 500 డాలర్లు ఇచ్చి, సర్వే (బోటు నిపుణుడి తనిఖీ) బాగుండి, మే 31లోగా కాగితాలన్నీ సరిగా వస్తేనే కొంటానని, లేకపోతే డబ్బు తిరిగి ఇవ్వాలని ఒక కాగితం మీద ఇద్దరం సంతకాలు చేసుకున్నాం. ఆ ఒక్క వాక్యం రాసుకోవడం ఎంత మంచిదైందో తర్వాత తెలిసింది.

సర్వేయర్ ఏప్రిల్ 19న వచ్చాడు. అడుగుకు 25 డాలర్ల చొప్పున 500 తీసుకున్నాడు. చిన్న ప్లాస్టిక్ సుత్తితో బోటు వెనుక గోడంతా తట్టుకుంటూ పోయాడు. గట్టి చోట టకటకమంటుంది, లోపల చెక్క పుచ్చిన చోట మద్దెల మీద తడి గుడ్డ వేసి కొట్టినట్టు మోగుతుందని నాకు వినిపించి చూపించాడు. గోడ గట్టిగానే ఉంది. ట్రెయిలర్ బ్రేకులు పనిచేయడం లేదు. టైర్ల పక్కన ఉన్న తయారీ అంకెలు ‘2215’, అంటే 2015లో ఇరవై రెండో వారం. గీతలు కొత్తవాటిలా ఉన్నా రబ్బరు తొమ్మిదేళ్ల పాతది. మంటలార్పే సిలిండరు అడుగున 2009 అని ఉంది. మళ్లీ నింపుకోలేని రకం సిలిండర్లు పన్నెండేళ్లు దాటితే పనికిరావని కోస్ట్ గార్డ్ నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఈ నివేదిక పట్టుకుని మాట్లాడితే పెద్దాయన 18,600కు దిగాడు. బేరం అంతా పది నిమిషాల్లో అయిపోయింది; కాగితం మీద ఉన్నదాన్ని ఆయన కాదనలేదు.

ఆ తర్వాతే అసలు నిరీక్షణ మొదలైంది. టెక్సస్‌లో బోటుకు ఒక టైటిల్ (యాజమాన్య పత్రం), అవుట్‌బోర్డ్ ఇంజనుకు వేరే టైటిల్ ఉంటాయి. రెండూ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇస్తుంది. ట్రెయిలర్ కాగితాలు మళ్లీ కౌంటీ పన్నుల కార్యాలయంలో. స్టెర్న్‌డ్రైవ్‌కైతే ఇంజను టైటిల్ గొడవే ఉండదు. ఆ ఒక్క విషయంలో మొదటి బోటే నయం. పెద్దాయన ఈ బోటును తన బావమరిది దగ్గర కొన్నప్పుడు బోటు టైటిల్ తన పేరు మీదికి మార్చుకున్నాడు కానీ ఇంజనుది మార్చుకోలేదు. అది ఇంకా ఓక్లహోమాలో ఉంటున్న ఆ బావమరిది పేరు మీదే ఉంది. ఆయన సంతకం పోస్టులో రావాలి, అది మొదట పెద్దాయన పేరుకు మారాలి, ఆ తర్వాతే నా పేరుకు. మధ్యలో ఒకరిని దాటవేసి నేరుగా నా పేరు రాయించుకుందామని ఎవరో సలహా ఇచ్చారు, ఒప్పుకోలేదు. ఏప్రిల్ చివరి వారం నుంచి మే నడిమి దాకా ప్రతి సోమవారం ఫోను చేయడం, ఇంకా రాలేదని వినడం. పిల్లలకు బడి సెలవులు దగ్గర పడుతున్నాయి. ఈలోగా రాక్‌వాల్ బోటు ఇంకా అమ్ముడుపోలేదని మా బావమరిది రోజూ ప్రకటన తెరిచి చూపించేవాడు. ఆ వారాల్లో నా మనసు రెండుసార్లు అటు మొగ్గిందని దాచుకోవడమెందుకు. కాటా చీటీని వాలెట్టులోంచి తీసి చూసుకుని ఆగిపోయాను.

మే 15న ఇంజను టైటిల్ పెద్దాయన పేరు మీద వచ్చింది. 17న ఆయన బ్యాంకులోనే కలుసుకుని, అడ్వాన్సు పోను మిగిలిన 18,100కు క్యాషియర్ చెక్కు అందించాను. బిల్లులో బోటుకు 10,000, ఇంజనుకు 6,800, ట్రెయిలర్‌కు 1,800 అని విడివిడిగా రాయించుకున్నాం, ఎందుకంటే పన్ను కట్టే చోట్లు వేరు. బోటు, ఇంజనుల మీద 6.25 శాతం పన్ను 1,050 డాలర్లు, రెండు టైటిళ్లకు 27 చొప్పున 54, రెండేళ్ల రిజిస్ట్రేషన్‌కు 53, మొత్తం 1,157. కౌంటీ కార్యాలయంలో ట్రెయిలర్‌కు పన్నుతో, నంబరు పలకతో కలిపి ఇంకో 205.

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడితే కుదరదంటారు. మాకు అంకుశాలు చాలానే అవసరమయ్యాయి. బ్రేకులకు 480, స్టీరింగు కేబుల్‌కు 520, నాలుగు టైర్లకు 440. లైఫ్ జాకెట్లకు 420. పిల్లల జాకెట్లు వయసును బట్టి కాక బరువును బట్టి కొనాలి. మా పిల్లలిద్దరికీ వేర్వేరు సైజులు పట్టాయి. 26 అడుగుల లోపు బోటు కదులుతున్నంతసేపూ పదమూడేళ్ల లోపు పిల్లలు వాటిని వేసుకునే ఉండాలని ఇక్కడి చట్టం. అమ్మ మాత్రం ఆ చట్టాన్ని అందరికీ వర్తింపజేసింది. మా నాన్నగారు కూడా తప్పించుకోలేకపోయారు. మంటలార్పే సిలిండరు, విసిరే తెప్ప, ఈల కలిపి 90. బీమా ఏడాదికి 365. సర్వే నివేదిక లేకుండా ఇంత పాత బోటుకు ఇవ్వబోమని ఇద్దరు బీమావాళ్లు ముందే చెప్పారు. 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఇలాంటి బోటు నడపాలంటే బోటింగ్ కోర్సు పూర్తి చేసి ఉండాలి. నాకు అక్కర్లేదు, 1999లో పుట్టిన బావమరిదికి కావాలి. అతను ఒక ఆదివారం కూర్చుని ఆన్‌లైన్‌లో ముగించాడు.

మేము ముందుగా లెక్కలోకి తీసుకోనిది బోటును పెట్టుకునే చోటు. మా కాలనీ సంఘం నిబంధనల ప్రకారం ఇంటి ముందు బోటు రెండు రాత్రుల కంటే ఎక్కువ ఉంచకూడదు. మూడో రోజు ఉదయానికి ఉత్తరం వచ్చింది. పైకప్పు ఉన్న స్టోరేజీకి ఆరు వారాల వెయిటింగ్ లిస్టు, నెలకు 135 డాలర్లు. అప్పటిదాకా ఆరుబయట చోటుకు 85. కొనాలనుకునేవాళ్లు బోటు చూడడానికంటే ముందే ఈ లిస్టులో పేరు రాయించుకోవడం మంచిది.

మొదటిసారి అందరం వెళ్లింది జూన్ 22న. ఉదయం ఏడింటికే బోటును నీళ్లలోకి దించే ర్యాంపు దగ్గరకు చేరుకున్నాం. తొమ్మిది దాటితే వరుస ఎంత పొడవుంటుందో అద్దె బోటు రోజుల్లోనే చూశాం. అమ్మ ముందువైపు మెట్ల మీదుగా, నాన్నగారి చేయి పట్టుకుని, ఇంకెవరి సాయమూ అడగకుండానే ఎక్కి కూర్చుంది. ఆ నాలుగు గంటల్లో టాయిలెట్టు తలుపు నాలుగుసార్లు తెరుచుకుంది, అందులో ఒకటి మా ఆవిడది. పదకొండు గంటలకు పులిహోర గిన్నె తెరిచాం. చిన్నదాని చేతిలోంచి గుప్పెడు జారి, తెల్లటి సీటు మీద పసుపు మరక పడింది. సబ్బుతో, బ్లీచుతో, నానా ద్రావకాలతో తోమినా పోలేదు. స్టోరేజీలో ఆరుబయటే ఉండడం వల్ల కవరు తీసి ఎండ తగలనిస్తే రెండు వారాల్లో దానంతట అదే వెలిసిపోయింది. ఇది మాత్రం మనవాళ్లందరికీ పనికొచ్చే సంగతి. తిరిగి ర్యాంపు ఎక్కాక, బోటు అడుగు ప్లగ్గు విప్పి నీళ్లన్నీ వంచాకే రోడ్డెక్కాలి; జీబ్రా మసెల్స్ ఇంకో సరస్సుకు పాకకుండా ఈ నిబంధన 2014 నుంచి రాష్ట్రమంతా ఉంది.

స్టోరేజీ అద్దె కాక మొత్తం ఖర్చు మా ఆవిడ గీసిన గీతను 1,300 డాలర్ల పైచిలుకు దాటింది. సీట్ల కుట్లు ఇంకా వేయించలేదు; చలికాలంలో వర్క్‌షాపులు ఖాళీగా ఉన్నప్పుడు ధర తగ్గుతుందని డిసెంబరుకు పెట్టుకున్నాం. రాక్‌వాల్ బోటు జూలైలో మళ్లీ ప్రకటనలో కనబడింది, ధర 12,900. ఈసారి మోడల్ 2013 అని సరిగానే రాశాడు. ఇంజను దిమ్మె చీలి ఉందని మొదటి వాక్యంలోనే చెప్పి, ఎపాక్సీ గీరిన చోట ఫొటో కూడా పెట్టాడు.